పట్టికలో మాయమైన అంకెలు ఎలా దొరుకుతాయి? వంద మంది బుడ్డల రైతుల లెక్క

అనంతపురంలో మా వీధి చివరి ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడు సాంఖ్యక శాస్త్రం పాఠం దగ్గర ఆగిపోయాడు. పట్టికలో అయిదు గళ్ళుంటే మూడింటిలో అంకెలున్నాయి, రెండింటిలో ఎక్స్, వై అని ఉన్నాయి. సగటు ఇచ్చారు, మొత్తం ఇచ్చారు, లోపించిన పౌనఃపున్యాలు కనుక్కోమన్నారు. అరుగు మీద కూర్చుని బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలుస్తున్న వాళ్ళ అబ్బ (మా వైపు తాతను అలాగే పిలుస్తారు) తలెత్తి, “సగటు వేసినవాడి దగ్గర ఆ అంకెలు ఉండే ఉంటాయి కదరా. దాచిపెట్టుకుని మనల్ని అడగడం ఎందుకు?” అన్నారు.

వేళాకోళానికే అన్నా, ఈ అంశంలోని అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది. సగటు ఎవరు వేశారు, ఏ అంకెలతో వేశారు అన్నది తేలకపోతే మాయమైన అంకె దొరికినట్టే దొరికి జారిపోతుంది.

అదే ఇంట్లో డిగ్రీ చదువుతున్న అక్క గొడవ వేరు. ‘బోరున్న రైతుకు మంచి దిగుబడి వచ్చే సంభావ్యత’ అని ఒక ప్రశ్న, ‘మంచి దిగుబడి వచ్చిన రైతుకు బోరు ఉండే సంభావ్యత’ అని మరో ప్రశ్న. మాటలు అటూ ఇటూ మారాయి తప్ప రెండూ ఒకటే కదా అని ఆమె అనుమానం. తమ్ముడి చిక్కు, అక్క చిక్కు వేరువేరు పాఠాల్లో ఉంటాయి. కానీ రెండింటిలోనూ తప్పు జరిగేది ఒక్క చోటే: ఎందరిలో ఎందరు అన్న లెక్కలో ఆ ‘ఎందరిలో’ దగ్గర.

పాఠ్యపుస్తకంలోని లెక్కను పక్కన పెట్టి, పెద్దాయనకు కూడా పట్టేలా వేరుశనగ రైతుల మీద ఒక పట్టిక తయారు చేశాను. అంకెలన్నీ నేను కల్పించుకున్నవే, ఏ సర్వే నుంచీ తీసుకోలేదు.

పునః పునః అంటే ఎంతమంది

పౌనఃపున్యం అన్న మాట పలకబోతే నాలుక మడతపడుతుంది గానీ అర్థం తేలికే. పునః పునః అంటే మళ్ళీ మళ్ళీ. ఒక విలువ ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ వచ్చిందో ఆ లెక్కే పౌనఃపున్యం. రైతుల పట్టికలో దాన్ని ‘ఎంతమంది’ అని చదువుకోవచ్చు.

వంద మంది రైతులను ఎకరాకు ఎన్ని బస్తాలు అయ్యాయని అడిగితే 3, 11, ఏడున్నర, 9 అంటూ వంద అంకెలు వస్తాయి. వాటిని 0–4, 4–8, 8–12 అని అరలుగా సర్దితే అది వర్గీకృత దత్తాంశం. ఒక్కో అర ఒక తరగతి. సరిగ్గా 8 బస్తాలు అయినవాడు 4–8లోకి రాడు, 8–12లోకి వెళ్తాడు. అంటే దిగువ హద్దు తరగతి లోపల, ఎగువ హద్దు బయట. బస్తా ఎన్ని కిలోలన్నది ఊరినిబట్టి మారుతుంది, దానితో ఈ లెక్కకు పేచీ లేదు.

సర్దాక చూపుకు సుఖం. వంద అంకెల బదులు అయిదే కనబడతాయి. నష్టమూ అక్కడే ఉంది. అరలోకి దిగిన రైతుకు తన సొంత అంకె పోతుంది. 8–12 అరలో 30 మంది ఉన్నారంటే ఎవరికి ఎనిమిదో, ఎవరికి పదకొండుంబావో ఇక చెప్పలేం. అందుకని సగటు వేసేటప్పుడు ఆ ముప్ఫై మందికీ తరగతి మధ్య విలువైన పదేసి బస్తాలే అనుకుంటాం. పెద్దాయనకు పోయిన ఖరీఫ్‌లో ఎకరాకు పదకొండు అయ్యాయట. ఈ పట్టికలో ఆయనా ఒకరై ఉంటే లెక్కకు మాత్రం పదే. “ఒక బస్తా ఎవరు తిన్నారు?” అని అడిగారు. ఎనిమిదిన్నర అయినవాడికి కలిపిన ఒకటిన్నరతో అది సరిపోతుందని మన నమ్మకం. నమ్మకమే, రుజువు కాదు.

కోళ్ళు, మేకల లెక్కే ఇది

రెండు గళ్ళు చెరిగిపోయిన పట్టిక ఇది. పుస్తకాల్లోని ఎక్స్, వై బదులు క, చ అని రాస్తున్నాను.

| ఎకరాకు బస్తాలు | రైతుల సంఖ్య |
|---|---|
| 0–4 | 12 |
| 4–8 | క |
| 8–12 | 30 |
| 12–16 | చ |
| 16–20 | 8 |

మొత్తం రైతులు 100. సగటు 9.44 బస్తాలు.

కనబడుతున్నవాళ్ళు 12, 30, 8, కలిపితే 50. కాబట్టి చెరిగిపోయిన రెండు గళ్ళలో కలిసి 50 మంది ఉండాలి. సగటు 9.44 అంటే, మనిషికి ఎకరం చొప్పున అనుకుంటే, వంద మందికీ కలిపి 944 బస్తాలు. మధ్య విలువలు వరుసగా 2, 6, 10, 14, 18. తెలిసినవాళ్ళ వంతు 24, 300, 144, మొత్తం 468. 944లో 468 పోతే 476. ఈ 476 బస్తాలూ ఆ యాభై మందివి.

ఇక్కడి నుంచి పుస్తకం రెండు సమీకరణాలు రాయిస్తుంది: క + చ = 50, 6క + 14చ = 476. పిల్లవాడు వాటిని గుణించి, తీసివేసి, గుర్తు ఒకచోట తారుమారు చేసి −22 తెచ్చాడు. పెద్దాయనకు సమీకరణాలు రావు. ఆయనకు కోళ్ళు, మేకల పొడుపు లెక్క వచ్చు: దొడ్డిలో తలలు ఇన్ని, కాళ్ళు ఇన్ని, మేకలెన్ని? అన్నీ కోళ్ళే అనుకో, మిగిలిన కాళ్ళను రెండేసి చొప్పున పంచు. ఇక్కడా అదే చేశారు. యాభై మందికీ ఆరేసి బస్తాలే అనుకుంటే 300 అవుతాయి. కావలసినవి 476. తక్కువ పడ్డవి 176. ఒక రైతును ఆరు బస్తాల అర నుంచి పద్నాలుగు బస్తాల అరకు మారిస్తే ఎనిమిది పెరుగుతాయి. 176లో ఎనిమిదులు 22. కనుక చ 22, క 28.

సమీకరణాలు చేసే పనీ ఇదే. కానీ ఈ పద్ధతిలో ప్రతి అడుగుకూ అర్థం కనబడుతుంది, −22 మంది రైతులు పుట్టుకొచ్చే అవకాశం ఉండదు.

తెలియనివి రెండు, తెలిసిన వాస్తవాలు రెండు (మొత్తం, సగటు), అందుకే జవాబు ఒక్కటే వచ్చింది. 8–12 గడిలోని 30 కూడా చెరిగిపోయి ఉంటే? అప్పుడు మూడు గళ్ళలో కలిసి 80 మంది, వాళ్ళ బస్తాలు 776. 28, 30, 22 సరిపోతాయి. 29, 28, 23 కూడా సరిపోతాయి. 27, 32, 21 కూడా. ఓపిక పట్టి లెక్కపెడితే ఇలాంటి జవాబులు 38 ఉన్నాయి. ముప్ఫై ఎనిమిదీ సగటు 9.44నే ఇస్తాయి.

9.44ను 9.4 అని రాస్తే

ఇదే లెక్కలో సగటును ఒక్క దశాంశానికి కుదించి 9.4 అని అచ్చువేశారనుకుందాం. మొత్తం బస్తాలు 940 అవుతాయి. ఆ యాభై మంది వంతు 472, తక్కువ పడ్డవి 172, అందులో ఎనిమిదులు 21.5. ఇరవై ఒకటిన్నర మంది రైతులు!

ఇలాంటప్పుడు ఏం రాయాలన్న దాని మీద ఉపాధ్యాయుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. భిన్నం వస్తే దగ్గరి పూర్ణాంకానికి సవరించి ముందుకు పోవాలని కొందరంటారు. మనుషులను లెక్కపెడుతున్నాం గనుక పూర్ణాంకమే కావాలి, సగటును కుదించినప్పుడు కొద్దిగా తేడా రావడం సహజం అన్నది వారి వాదన. అందులో న్యాయం ఉంది. భిన్నం వచ్చిందంటే ఇచ్చిన సమాచారం ఒక్క జవాబును నిలబెట్టడానికి చాలదని అర్థం, దాన్ని సవరించి దాచకూడదని మరికొందరంటారు. 21.5 దగ్గర మొదటివారి పద్ధతి ఎటూ మొగ్గలేదు, 21కీ 22కీ దూరం సమానం. 9.4 అన్న అంకె 9.35 నుంచి 9.45 దాకా ఏదైనా కావచ్చు. వెనక్కి లెక్కవేస్తే చ విలువ 20.875కూ 22.125కూ మధ్య ఉండాలి. పూర్ణాంకాలు రెండే పడతాయి, 21, 22. రెండింటితోనూ సగటు వేసి చూస్తే 9.36, 9.44 వస్తాయి. కుదిస్తే రెండూ 9.4.

సగటును ఏకంగా 9 అని రాస్తే? చ 11 నుంచి 22 దాకా ఏదైనా కావచ్చు, పన్నెండు జవాబులు. రెండు దశాంశాలు తీసేసినందుకు చెల్లించిన మూల్యం అది. నా మొగ్గు రెండో వాదన వైపు.

సగటు వేసింది ఎవరు?

అరుగు మీది ప్రశ్న ఇప్పుడు తిరిగొస్తుంది. మన లెక్కలో 9.44 అన్న సగటు మధ్య విలువలతో వేసిందని ముందే అనుకున్నాం. సగటు వేసినవాడి దగ్గర పట్టిక కాక అసలు నోటు పుస్తకమే ఉండి, వంద మంది చెప్పిన వంద అంకెలను కూడి సగటు వేసి ఉంటే? అప్పుడు 944 బస్తాలు నిజమైన మొత్తం. దాన్ని మధ్య విలువలతో పొసగించడానికి మనకు హక్కు లేదు.

అప్పుడు ఖాయంగా చెప్పగలిగింది ఎంతో చూద్దాం. ప్రతి రైతుకూ తన తరగతిలోని దిగువ హద్దుకు తక్కువ కాకుండా అయి ఉంటాయి, ఎగువ హద్దుకు లోపే ఉంటాయి. అందరూ దిగువ హద్దు దగ్గరే ఉన్నారనుకుంటే మొత్తం 568 బస్తాలు, దానికి ‘చ’ గడిలోని ఒక్కొక్కరికీ ఎనిమిదేసి అదనం. ఇది 944ను దాటకూడదు. కాబట్టి చ 47కు మించదు. అటువైపు, అందరూ ఎగువ హద్దును అంటుకుని ఉన్నారనుకుంటే చ సున్నా అయినా మొత్తం 968 దాకా వెళ్తుంది. అంటే కింది వైపు ఏ అడ్డూ లేదు. చ 0 నుంచి 47 దాకా ఏదైనా కావచ్చు.

22 అని ఖచ్చితంగా తేలిన జవాబు ఇంతగా ఎలా కరిగిపోయింది? తరగతి వెడల్పు నాలుగు బస్తాలు. మధ్య విలువ ఒక్కో రైతు విషయంలో అటో ఇటో రెండు బస్తాలు తప్పవచ్చు. వంద మందికీ ఒకే వైపు తప్పితే 200 బస్తాల తేడా. నిజ జీవితంలో అందరూ ఒకే వైపు తప్పరు, హెచ్చుతగ్గులు చాలా మటుకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే 22 సమంజసమైన అంచనా. పరీక్ష కాగితం దాన్ని అంచనా అనదు, జవాబు అంటుంది.

మధ్యగతం ఇచ్చినప్పుడు

కొన్ని లెక్కల్లో సగటు బదులు మధ్యగతం ఇస్తారు. వంద మందినీ దిగుబడి వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ పడే విలువ అది. మన పట్టికలో మొదటి రెండు అరల్లో 12 + 28 = 40 మంది. యాభయ్యో మనిషి కోసం 8–12 అరలో మరో పది మందిని దాటాలి. ముప్ఫై మంది నాలుగు బస్తాల వెడల్పులో సమంగా పరుచుకున్నారనుకుంటే, పది మందికి 1.33 బస్తాలు. మధ్యగతం 9.33. అదే వెనక్కి నడిస్తే 9.33 నుంచి 40, ఆ 40 నుంచి 28. సగటు లెక్కలో అందరూ మధ్యలో ఉన్నారనుకున్నాం, ఇక్కడ అందరూ సమంగా పరుచుకున్నారనుకుంటున్నాం. అనుకోవడం మాత్రం తప్పలేదు.

మధ్యగతానికి ఒక సుగుణం ఉంది. కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ గణనలో కమతాలను ఒక హెక్టారు లోపు, 1–2, 2–4, 4–10, చివరికి 10 హెక్టార్లు, ఆపైన అని విభజిస్తారు. ఈ చివరి తరగతికి పైకప్పు లేదు. పైకప్పు లేని తరగతికి మధ్య విలువ ఏది? 12 అనుకోవాలా, 20 అనుకోవాలా? అనుకున్నదానినిబట్టి సగటు మారిపోతుంది. మధ్యగతానికి ఆ బాధ లేదు. కొస అరలో ఎంతమంది ఉన్నారో తెలిస్తే చాలు, వారికి ఎంతెంత ఉందో అక్కర లేదు.

తరగతులు 0–4, 5–9 అని తెగి ఉన్నప్పుడు హద్దుల్లో అర తగ్గించి, అర కలిపి అతికించడం మరో ఆనవాయితీ. కాయల సంఖ్యకు అది బాగానే ఉంటుంది. వయసుకు మాత్రం కుదరదు. నాలుగేళ్ళ పదకొండు నెలల పిల్ల కూడా 0–4లోనే ఉంటుంది గనుక అక్కడ అసలు హద్దులు 0, 5. సున్నాకు అర తక్కువ వయసు ఎవరికీ ఉండదు.

అరచేత్తో కప్పితే షరతు

ఇప్పుడు అక్క లెక్క. అదే వంద మందిని బోరు ఉన్నవారు, వానమీద ఆధారపడినవారు అని విడదీద్దాం.

| ఎకరాకు బస్తాలు | బోరు | వర్షాధారం | మొత్తం |
|---|---|---|---|
| 0–4 | 1 | 11 | 12 |
| 4–8 | 5 | 23 | 28 |
| 8–12 | 12 | 18 | 30 |
| 12–16 | 16 | 6 | 22 |
| 16–20 | 6 | 2 | 8 |
| మొత్తం | 40 | 60 | 100 |

సంభావ్యత అంటే ఇక్కడ ఎందరిలో ఎందరు అన్నదే. వంద చీటీలు కుండలో వేసి ఒకటి తీస్తే, అది 12 బస్తాలు, ఆపైన అయిన రైతుది కావడానికి సంభావ్యత 30/100, అంటే 0.30. ఇందులో ఏ షరతూ లేదు.

‘తీసిన చీటీ బోరున్న రైతుదని తెలిసింది’ అని ఎవరైనా చెవిలో చెప్పారనుకుందాం. ఆ క్షణం నుంచి వర్షాధారం నిలువు వరుస మనకు లేనట్టే. ఆ అమ్మాయి చేత నిజంగానే అరచేత్తో ఆ వరుసను కప్పించాను. మొత్తం వరుసనూ కప్పించాను. మిగిలింది నలభై మంది. వారిలో 12, ఆపైన ఉన్నవారు 16 + 6 = 22. కాబట్టి 22/40, అంటే 0.55. షరతుతో కూడిన సంభావ్యత అంటే ఇదే: షరతుకు తగనివారిని కప్పేసి, మిగిలినవారిని కొత్త మొత్తంగా తీసుకోవడం.

రెండో ప్రశ్నలో షరతు మారింది. ‘12, ఆపైన అయ్యాయని తెలిసింది, బోరు ఉండే సంభావ్యత ఎంత?’ ఇప్పుడు చెయ్యి పై మూడు అడ్డు వరుసల మీదికి పోవాలి. కింద మిగిలేది 30 మంది. వారిలో బోరున్నవారు 22. జవాబు 22/30, అంటే 0.73.

పైనున్న 22 రెండింటిలోనూ ఒకటే. మారింది హారం, 40 బదులు 30. వార్తల్లో ‘మంచి దిగుబడి సాధించినవారిలో 73 శాతం మందికి బోరుంది’ అని చదివి, ‘బోరు వేస్తే మంచి దిగుబడికి 73 శాతం అవకాశం’ అని చెప్పేవాడు ఈ హారాన్నే దొంగిలిస్తాడు. అవకాశం 55 శాతమే. ఇందులో ఏది నిజం అన్న ప్రశ్నే లేదు, రెండూ నిజాలే. బోరు వెయ్యాలా వద్దా అని తేల్చుకునేవాడికి 55 పనికొస్తుంది. మార్కెట్ యార్డుకు ఎక్కువ బస్తాలు తెచ్చినవారిలో బోరున్నవారెందరు అని చూసే అధికారికి 73 పనికొస్తుంది. ఈ రెండింటినీ కలిపే వంతెన బేస్ సూత్రం, థామస్ బేస్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడి పేరు మీద ఉంది. ఆయన 1761లో చనిపోయాక, 1763లో ఆ సూత్రానికి మూలమైన ఆయన వ్యాసాన్ని మిత్రుడు రిచర్డ్ ప్రైస్ వెలుగులోకి తెచ్చాడు. మన పట్టికలో అది ఇలా పలుకుతుంది: బోరు ఉండే సంభావ్యత 0.40ను 0.55తో గుణించి, 0.30తో భాగిస్తే 0.73.

పెద్దాయన ఇక్కడ అడ్డుపడ్డారు. మూడు బోర్లు వేసి, మూడూ ఎండిపోయాక వానకే తిరిగొచ్చిన మనిషి. “బోరు వేయించగలిగినవాడి చేను మొదటి నుంచీ మంచిదై ఉండవచ్చు కదా?” నిజమే. 55కూ వర్షాధారంలోని 8/60కీ, అంటే 13 శాతానికీ, మధ్య తేడా అంతా నీటిదే అని ఈ పట్టిక చెప్పలేదు. ఎర్రనేలా నల్లరేగడా, అప్పు పుట్టిందా లేదా అన్నవి ఇందులో గళ్ళుగా లేవు.

తమ్ముడి లెక్క ఈ పట్టికలోనూ దాగి ఉంటుంది. బోరు వరుసలో 12–16 గడి చెరిగిపోయి, ‘బోరున్నవారిలో 12, ఆపైన అయినవారు 55 శాతం’ అన్న ఒక్క వాక్యం మిగిలిందనుకుందాం. నలభైలో 55 శాతం 22, అందులోంచి 6 తీసేస్తే 16. కొందరు 55 శాతాన్ని వంద మీద వేస్తారు. 55 వస్తుంది. ఆ రెండు అడ్డు వరుసల్లో అందరూ కలిసినా 30 మందే ఉన్నప్పుడు 55 మంది బోరు రైతులు ఎక్కడి నుంచి వస్తారు?

అరను నడిమికి కోయవచ్చా?

ఇంతవరకూ ప్రశ్నలు తరగతి హద్దుల మీదే ఆగాయి. ‘10, ఆపైన’ అని అడిగితే కత్తి 8–12 అర మధ్యలో దిగుతుంది.

అలవాటైన పద్ధతి దామాషా. అరలో అందరూ సమంగా పరుచుకున్నారనుకుని సగం అటు, సగం ఇటు. అప్పుడు 10, ఆపైన ఉన్నవారు 15 + 30 = 45. బోరువారిలో 6 + 22 = 28. కనుక 10, ఆపైన అయిన రైతుకు బోరు ఉండే సంభావ్యత 28/45, సుమారు 0.62.

దీన్ని ఒప్పుకోనివారు ఉన్నారు. పట్టికలో లేని సమాచారాన్ని పుట్టించకూడదు, హద్దులు మాత్రమే చెప్పాలి అంటారు. అరలోని బోరు రైతులు పన్నెండుమందీ పదికి లోపే ఉండి, వర్షాధారంవారు పద్దెనిమిదిమందీ పైన ఉంటే ఆ సంభావ్యత 22/48, అంటే 0.46. అటూ ఇటూ తారుమారైతే 34/42, అంటే 0.81. నిజాయితీగా చెప్పగలిగింది ఈ రెండింటి మధ్య అని మాత్రమే. ఈ వాదనకు బలం ఉంది. అయితే 46 నుంచి 81 అన్నది ఎవరి చేతిలోనూ నిలబడని జవాబు. పని జరగాలంటే ఏదో ఒకటి అనుకోక తప్పదన్నది దామాషావారి మాట.

నా దృష్టిలో అసలు విషయం ఈ రెండు వాదాలకూ అవతల ఉంది. బోరు వరుస చూడండి: 5, 12, 16. పైకి ఎక్కుతోంది. వర్షాధారం: 23, 18, 6. కిందికి దిగుతోంది. ఎక్కే వరుసలో నడిమి అర లోపల కూడా జనం ఎగువ అంచు వైపు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. దిగే వరుసలో దిగువ అంచు వైపు. రెండింటినీ సగానికి కోయడం పక్షపాతం లేని పనిలా కనబడుతుంది గానీ, అది బోరువారిని కొంత తగ్గించి, వర్షాధారంవారిని కొంత పెంచుతోంది. అసలు సంభావ్యత 0.62 కంటే కాస్త ఎక్కువే ఉండవచ్చు. పట్టిక ఆ మాత్రం సైగ చేస్తోంది, అంతకు మించి చెప్పదు.

125ను రెండుగా చీల్చిన లెక్క

మాయమైన పౌనఃపున్యం, షరతుతో కూడిన సంభావ్యత రెండూ ఒకే లెక్కలో కలిసి నడిచిన ప్రసిద్ధ ఉదాహరణ ఒకటి ఉంది. దాని మూలాలు మనకు దగ్గరివే. 1882లో అనంతపురం జిల్లాగా విడిపోయే దాకా మన ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం. ఆ బళ్ళారి జిల్లా హడగళ్ళిలో 1920లో పుట్టిన తెలుగువాడు సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి సాంఖ్యక శాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారం అందుకున్నారు. 1965 నాటి తన గ్రంథంలో ఆయన జన్యుశాస్త్రానికి చెందిన ఒక చిన్న పట్టిక ఇచ్చారు. 197 జంతువులు నాలుగు తరగతుల్లో 125, 18, 20, 34గా పడ్డాయి.

సిద్ధాంతం ప్రకారం ఈ నాలుగింటి సంభావ్యతలూ థీటా అనే ఒక తెలియని అంకె మీద ఆధారపడతాయి. రెండో, మూడో తరగతులకు (1 − థీటా)లో నాలుగో వంతు చొప్పున, నాలుగోదానికి థీటాలో నాలుగో వంతు. మొదటిదానికి సగం, దానిమీద థీటాలో నాలుగో వంతు. అంటే ఆ 125లో రెండు రకాలు కలిసిపోయాయి. థీటాతో సంబంధం లేని ‘సగం’ రకం ఒకటి, థీటాకు సంబంధించిన రకం ఒకటి. ఎవరెందరో పట్టికలో లేదు. చెరిగిపోయిన రెండు గళ్ళ మొత్తం మాత్రమే తెలిసిన లెక్కన్నమాట.

చీల్చాలంటే థీటా తెలియాలి. థీటా తెలియాలంటే చీల్చాలి. 1977లో డెంప్‌స్టర్, లెయర్డ్, రూబిన్ అనే ముగ్గురు సాంఖ్యక శాస్త్రవేత్తలు తమ పద్ధతిని పరిచయం చేస్తూ రావు గారి ఈ అంకెలనే ఉదాహరణగా తీసుకున్నారు. పద్ధతి ఏమిటంటే, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టడం. థీటా 0.5 అనుకుందాం. ‘మొదటి తరగతిలో ఉంది’ అన్న షరతు పెడితే, రెండో రకం కావడానికి సంభావ్యత 0.125ను 0.625తో భాగిస్తే వచ్చే 0.2. 125లో దాని వంతు 25. ఇప్పుడు థీటాకు సంబంధించినవాళ్ళు 25, 18, 20, 34, మొత్తం 97. అందులో థీటా వైపు ఉన్నవి 25 + 34 = 59. కొత్త థీటా 59/97, అంటే 0.608. దానితో మళ్ళీ చీలిస్తే 25 బదులు 29.15 వస్తుంది, థీటా 0.624కు జరుగుతుంది. మరోసారి 29.74, 0.626. ఇలా తిప్పుతూ పోతే 29.83 దగ్గర చీలిక, 0.627 దగ్గర థీటా కుదురుకుంటాయి. ఆపైన తిప్పినా కదలవు.

పిల్లవాడు 29.83 దగ్గర వేలు పెట్టి, “ఇరవై ఒకటిన్నర మంది రైతులు తప్పయితే ఇరవై తొమ్మిదీ ముప్పావుకు పైగా జంతువులు ఎలా ఒప్పు?” అన్నాడు. అక్క కాసేపు పెన్సిలు నమిలి జవాబు చెప్పింది: రైతులది లెక్కపెట్టిన సంఖ్య, ఎవరో ఒకరు ఆ గడిలో మనుషులను నిజంగా లెక్కించారు, కాబట్టి భిన్నం వస్తే మనకిచ్చిన సగటులో ఏదో కుదింపు ఉన్నట్టు. జంతువులను అలా ఎవరూ వేరు చేసి చూడలేదు, మొదటి తరగతిలో ఉన్నాయన్న షరతు మీద సగటున ఎన్ని ఉండాలో ఆ అంచనా అది. వాడు 29.83 కింద గీత గీసి, తన 21.5 దగ్గరికి తిరిగి వెళ్ళి, పక్కన 21 లేక 22 అని రాసుకున్నాడు.